వాగు గట్టున పదిహేడో తారీకు

లేదు అని తను రాయలేదు, కనబడలేదు అని రాశాడు. కనబడనిదల్లా లేనట్టే అయితే గాలీ లేదు, దేవుడూ లేడు, పై అంతస్తులో డైరెక్టరూ లేడు, అని గొణుక్కుంటూ నాలుగంతస్తుల మెట్లూ ఎక్కాడు తమ్ముడు. అడవులు తిరిగి జంతువుల లెక్క తీసి రిపోర్టులు రాయడం అతని పని. ఆ రిపోర్టులు చదివి గనుల అనుమతి ఫైళ్ళు కదిలించడం అక్క పని. ఆమె గది తలుపు తోసేసరికి మూడున్నర అయింది.

"తలుపు కొట్టి రావాలని ఎవరూ నేర్పలేదా నీకు?"

"ముందిది చూడు. చూడక్కా. ఈ పేజీ ఎవరు రాశారు?"

"గొంతు తగ్గించు. పక్క గదిలో మనుషులున్నారు."

"ఉంటే వింటారు. వినాలనే అరుస్తున్నా. 'సున్నపురాయి గుట్ట కింది వాగులో చిటికెల కప్ప లేదు. గని తవ్వకానికి అభ్యంతరం కనిపించడం లేదు.' కింద ఎవరి పేరు? నా పేరు! నేనన్నానా ఈ మాట? ఏ జన్మలో అన్నాను?"

"ఆ పేజీ మా సెక్షన్ రాస్తుంది. ఆధారం నీ రిపోర్టు. అందుకని నీ పేరు. ఇందులో వింతేముంది?"

"నా రిపోర్టు నూట నలభై పేజీలు!"

"కమిటీలో తొమ్మిది మంది. అందులో నూట నలభై పేజీలూ చదివేవాళ్ళెవరో చూపించు, వెళ్ళి దండం పెట్టొస్తా. అందరూ చదివేది ఈ ఒక్క పేజీనే. కూర్చో. చెమటలు కారిపోతున్నాయి. నీళ్ళు తాగు."

"నాకు నీళ్ళొద్దు."

"లిఫ్టు పని చెయ్యట్లేదా?"

"అక్కా!"

"చెప్పు."

"ఏడాది తిరిగానక్కా ఆ గుట్ట చుట్టూ. జలగలు పీక్కుతిన్నాయి. బూటులో తేలు దూరింది. పునుగుపిల్లి, అలుగు, ముప్పై ఆరు రకాల పిట్టలు, అన్నీ రాశాను. ఒక్కటంటే ఒక్కటి ఈ పేజీలో లేదు. ఉన్నదల్లా ఒకటే మాట, కప్ప లేదు."

"పిట్టలు ఎగిరిపోయి ఇంకో గుట్ట వెతుక్కుంటాయంటారు వాళ్ళు. కప్ప ఎక్కడికి పోతుంది? కప్ప ఉంటే గని ఆగుతుంది. అందుకే కప్ప గురించే రాశారు."

"అది నీకు తెలుసు కదా?"

"తెలియకపోవడమేంట్రా, ఆ నిబంధన నా బల్ల అద్దం కిందే ఉంది. చదువు. 'అభయారణ్యం హద్దుకి కిలోమీటరు లోపు, రక్షిత జాబితాలోని ప్రాణి గుడ్లు పెట్టే చోటు ఉంటే, ఏ గనికీ అనుమతి ఇవ్వరాదు.' ఇవ్వరాదు, అంతే. 'సాధారణంగా' లేదు, 'వీలైనంతవరకు' లేదు. చట్టం గట్టిదే. ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఈ కుర్చీలోంచే రెండు గనులు ఆపాను."

"మరి మూడోది?"

"గుట్ట నుంచి హద్దు ఎంత?"

"ఏడొందల మీటర్లు."

"వాగు?"

"గుట్ట పాదంలో పుట్టి నేరుగా అడవిలోకే పోతుంది. నాకు పరీక్ష పెడుతున్నావా?"

"కప్పలెన్ని?"

"అది కాదక్కా..."

"నీ రిపోర్టు ప్రకారం కప్పలెన్ని?"

"సున్నా. కానీ..."

"సున్నా. వానాకాలం ఫారంలో, మూడో గడిలో, నీ చేత్తో, సున్నా. ఇంక ఎవరి మీద అరుస్తున్నావు?"

"కానీ కింద నోట్ రాశాను! వానలు ముందొచ్చాయి, నేను చూసేసరికి ఆలస్యమైంది, కప్పలు బయటికొచ్చాయని అక్కడి అడవి గార్డు చెప్పాడు, వచ్చే వానల్లో మళ్ళీ చూడాలి అని నోట్ రాశాను. ఆ నోట్ ఏమైంది? ఎవరు మింగారు?"

"నోట్ లేదు."

"ఉంది."

"లేదు."

"అయితే తీసేశారు. మీరే తీసేశారు. కంచే చేను మేసిందన్నమాట. నీ గది, నీ బీరువా, నీ తాళం. నిన్ను చూసి, మా అక్క ఉందిలే ఆ సెక్షన్లో అనుకుని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నానే ఇన్నాళ్ళూ! ఎవరొచ్చారు నీ దగ్గరికి? ఆ కంపెనీ తెల్ల చొక్కా మేనేజరా? ఏం చెప్పాడు?"

"అయిందా?"

"అవలేదు."

"అయ్యాక చెప్పు. ఈలోగా బీరువా తీస్తాను."

"తియ్యి. తియ్యి, నేనూ చూస్తా."

"ఇదిగో. వానాకాలం ఫారం. జిరాక్సు కాదు, అసలుది. చదువు."

"ఇది..."

"చదివావా?"

"రెండో పేజీ ఏది?"

"ఈ ఫారానికి రెండో పేజీ ఎప్పుడూ లేదు. వందసార్లు నింపావు, నీకు తెలీదా?"

"అయితే వెనకాల."

"తిప్పు."

"చెరిపేశారు."

"బాల్ పెన్నుతో రాసింది చెరిపితే కాగితం పొర లేచిపోతుంది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూడు. వేలితో తడుము. గరుకుగా ఉందా ఎక్కడైనా?"

"లేదు."

"మరి?"

"అక్కా, నాకు గుర్తుంది. ఒట్టు. నల్ల పెన్ను. 'గార్డు' అన్న మాట దగ్గర సిరా ఆగిపోతే అరచేతి మీద గీకి మళ్ళీ రాశాను. ఎక్కడ కూర్చుని రాశానో కూడా గుర్తుంది. బస్టాండులో, సిమెంటు బెంచీ మీద."

"గీకిన మాట నిజమే అయ్యుంటుంది. గీకాక పెన్ను మూసి జేబులో పెట్టుకుని ఉంటావు. రాద్దామనుకున్నది ఏడాదిపాటు మోసుకు తిరిగావు. మోసీ మోసీ, రాసేశాననుకున్నావు. మనింట్లో అందరికీ ఉందిలే ఆ జబ్బు. నాన్న చివరిదాకా పెద్దబాబాయికి ఉత్తరం రాశాననే అనుకున్నాడు. జవాబు రాలేదని ఆయన మీద అలిగి మరీ పోయాడు."

"నన్ను పిచ్చోణ్ణి చెయ్యకు."

"నువ్వు పిచ్చోడివైతే నాకే బాధా లేదు. ఆ నోట్ ఎందుకు రాయలేకపోయావో చెప్పనా?"

"చెప్పక్కర్లేదు."

"ఫారం మీద తేదీ చదువు."

"పదిహేడు."

"మొదటి పెద్ద వాన ఎప్పుడు పడింది ఆ గుట్ట మీద?"

"పదమూడున."

"వాన పడ్డ పది రోజుల్లోపు చూడాలని నియమం. పదమూడు, పదిహేడు. చక్కగా సరిపోయింది. లెక్కల మాస్టారు మెచ్చుకుంటాడు. పదిహేడున ఎక్కడున్నావు నువ్వు?"

"వాగు దగ్గర."

"మళ్ళీ చెప్పు."

"ఫోన్ మోగుతోంది."

"మోగనీ. పదిహేడున..."

"గార్డు బాబాయ్ చేస్తున్నాడు. ఆగు. ఆ, బాబాయ్! ఆఫీసులో ఉన్నా. ఏంటి? గట్టిగా చెప్పు, వాన చప్పుడులో వినబడట్లేదు."

"బయట మాట్లాడుకో."

"బయటికెందుకు, స్పీకర్ పెడుతున్నా, నువ్వూ విను. బాబాయ్, చెప్పు!"

"వచ్చేశాయి బాబూ! మొన్న రాత్రి కుండపోత. పొద్దున్నించి మబ్బు మూసేసుంది, చీకటే, పగలే మొదలెట్టేశాయి. వాగంతా అవే! అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. ఉండండి, ఫోను నీళ్ళ దగ్గర పెడతా."

"అక్కా, విను. విన్నావా? వెయ్యి మంది ఒకేసారి చిటికెలు వేస్తున్నట్టు లేదూ? ఏడాదిలో మూడొందల యాభై ఆరు రోజులు మట్టిలో నిద్రపోయి, తొమ్మిదంటే తొమ్మిది రోజులు..."

"కట్టెయ్యి. ఆఫీసులో ఆ మోతేంటి?"

"మోతా? ఇది మోతా నీకు?"

"కిటికీ వెయ్యి. కాగితాలు ఎగురుతున్నాయి."

"గాలే లేదు ఇక్కడ! ఒక్కసారి వినడానికి నీ చెవులకేం రోగం? ఎప్పుడైనా విన్నావా అసలీ చప్పుడు?"

"బాబూ, వింటున్నారా?"

"వింటున్నా బాబాయ్, చెప్పు."

"ఇంకోటి. కంపెనీ వాళ్ళు పోయిన వారం వచ్చి, గుట్ట మీద ఎక్కడెక్కడ తూట్లు పొడిచి పేలుడు మందు పెట్టాలో సున్నంతో గుర్తులు పెట్టి పోయారు. అనుమతి రాలేదుగా అన్నాను. వచ్చినట్టేలే తాతా అని నవ్వారు. ఇప్పుడా సున్నమంతా కడుక్కుని వాగులోకి దిగింది. పై మడుగులో కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. ఇరవై దాకా లెక్కపెట్టాను, తరవాత లెక్కపెట్టబుద్ధి కాలేదు."

"మీ పైవాళ్ళకి చెప్పావా?"

"చెప్పా. ఆ వాగులో కప్పల్లేవని రిపోర్టు ఉంది కదయ్యా, లేని కప్పలు ఎలా చచ్చాయన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది యవ్వారం. మీ రిపోర్టంట కదా బాబూ? నిజమేనా?"

"బాబాయ్, అది..."

"పోయినేడు ఇలాగే ఫోన్ చేశాను కదా, వచ్చేశాయి రండని! వినిపించాను కూడా. మీరేమో ఆసుపత్రిలో ఉన్నా, అక్కకి గొంతు కోసి గడ్డ తీశారు, కదల్లేనన్నారు. సరే, మనిషి ముందు, కప్ప వెనక, అనుకున్నా. మీరొచ్చేసరికి అన్నీ మట్టిలోకి పోయాయి. ఆ సంగతి రాస్తాలే బాబాయ్ అన్నారే నాతో! బస్సెక్కుతూ కూడా అన్నారు."

"రేపు మాట్లాడతాను."

"రేపటికి ఎన్ని మిగులుతాయో..."

"రేపు మాట్లాడతాను బాబాయ్. పెట్టేస్తున్నా."

"పెట్టేశావా?"

"ఊఁ."

"పదిహేడున ఎక్కడున్నావు?"

"నువ్వు విన్నావుగా."

"నీ నోటితో చెప్పు."

"నీ మంచం పక్కన. ఆ ఒక కాలు ఊగే స్టూలు మీద. చాలా? సంతోషమా?"

"వాగు దగ్గరికి ఎప్పుడెళ్ళావు?"

"ఇరవై ఎనిమిదిన. వెళ్ళాను, అది అబద్ధం కాదు. మూడు రోజులున్నా. మోకాళ్ళ మీద పాకి మరీ వెతికా. ఒక్కటీ లేదు. సున్నా నిజం అక్కా. దేవుడి సాక్షిగా సున్నా నిజం."

"తేదీ?"

"ఇరవై ఎనిమిది అని వేస్తే గడువు దాటిపోయినట్టు. ఏడాది సర్వే మొత్తం కొట్టేసి, మళ్ళీ వానల దాకా ఆగాలి. సర్వేదార్ల జాబితాలోంచి నన్ను తీసేస్తారు. అందుకని..."

"అందుకని పదిహేడు."

"సాక్షిగా గార్డు సంతకం ఎలాగూ ఉంది. అతని గుడిసె రోడ్డు నుంచి పన్నెండు కిలోమీటర్లు. ప్రతిసారీ సంతకం కోసం ఎవరెక్కుతారు? ఏడాది మొదట్లోనే నాలుగు ఖాళీ ఫారాల మీద పెట్టించుకుంటాం. అందరూ అలాగే చేస్తారు."

"అందరూ ఎవరు?"

"అందరూ."

"తేదీ నిజం రాసుంటే ఏమయ్యేది? ఏడాది ఆగేది. ఈ వానల్లో వెళ్ళేవాడివి. ఇప్పుడు ఫోన్లో మోగిందే, దాన్ని అక్కడ నిలబడి వినేవాడివి. గని అక్కడితో సరి. ఏ కంపెనీ వాడూ నిన్ను మోసం చెయ్యలేదు, మా గుమాస్తా ఏదీ మింగలేదు. రెండంకెలు. నువ్వు వేసిన రెండంకెలు చాలాయి ఆ గుట్టకి."

"చాలు."

"నా మీద అరవడానికి నాలుగంతస్తులు ఎక్కొచ్చావు! దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఇంట్లో కూర్చోక..."

"చాలన్నానా! నువ్వు నాకు నీతులు చెబుతావా? నన్ను వెళ్ళనివ్వనిదెవరు? పదహారో తారీకు బస్సుకి టికెట్టు తీసి జేబులో పెట్టుకున్నా. సంచీ సర్ది తలుపు దగ్గర పెట్టా. బావ ఊళ్ళో లేడు. నీకు మాట్లాడకూడదన్నారు. మందుల చీటీ వెనకాల ఏం రాసి చూపించావు? గుర్తుందా?"

"ఉంది."

"ఏం రాశావు?"

"'వెళ్ళకు' అని."

"'వెళ్ళకు.' పెన్ను పట్టలేక వంకర అక్షరాలు. కింద మూడుసార్లు గీత గీశావు. ఆ గీతలు చూసి సంచీ మంచం కిందికి తోశాను. తరవాత కుట్లు చీము పట్టాయి. పదకొండు రోజులు! రోజూ పొద్దున్నే గార్డు ఫోన్. రోజూ రేపొస్తానని నేను. అప్పుడు నాకు నీ కన్నా ఆ కప్పే ఎక్కువై ఉంటే బాగుండేది. వెళ్ళిపోయుండాల్సింది. నువ్వేమైతే నాకేం అని వెళ్ళిపోయుండాల్సింది!"

"అవును. వెళ్ళాల్సింది."

"అలా అనకు."

"నువ్వే అన్నావు."

"నేనంటాను. నువ్వనకు."

"చచ్చిపోతాననుకున్నాన్రా. ఆ గడ్డ మంచిదో చెడ్డదో ఇంకా చెప్పలేదు అప్పటికి. గదిలో ఇంకెవరూ లేరు. చిన్నప్పుడు నా జామెట్రీ బాక్సులో కప్పపిల్లని పెట్టినవాడివి, పక్కన నువ్వుంటే చావు కూడా కాస్త నవ్వులాటగా ఉంటుందనుకున్నా."

"అది కప్పపిల్ల కాదు. తోకకప్ప."

"ఏదో ఒకటి. స్కేలుకి అంటుకుంది. టీచరు చేత తన్నులు నాకు పడ్డాయి."

"నాలుగైంది."

"చూశాను. ఐదింటికి ఫైలు కమిటీ గుమాస్తా దగ్గరికి వెళ్ళాలి. రేపు పదకొండింటికి కూర్చుంటారు. పదకొండుంబావుకి లేస్తారు."

"ఆపు. నువ్వు ఆపగలవు. నీకు ఇప్పుడంతా తెలుసు కదా, ఆపెయ్యి."

"ఏమని ఆపను? మా తమ్ముడు వచ్చి ఏడ్చాడనా? ఈ కుర్చీకి చెవులు లేవు, కళ్ళే ఉన్నాయి. చెప్పింది చెప్పినట్టు కాదు ఇక్కడ, రాసిందే చెప్పినట్టు."

"గార్డు ఫోన్ విన్నాం కదా ఇద్దరం!"

"సర్వేదారు స్వయంగా అక్కడ నిలబడి చూడాలి. నియమం. ఫోన్లో విన్నది లెక్కలోకి రాదు."

"ఇప్పుడే బయల్దేరితే రేపు మధ్యాహ్నానికి వాగు దగ్గరుంటా."

"అప్పటికి అనుమతి కాగితం మీద సిరా ఆరిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళ్తావా?"

"మరేం చెయ్యమంటావు?"

"నీకు తెలుసు."

"తెలీదు."

"తెలుసు."

"నువ్వు చెప్పు."

"నేను చెప్పను. నేను చెబితే, అక్క రాయమంది కాబట్టి రాశాననుకుంటావు. ఏడాది పోయాక అసలు అక్కే రాసిందనుకుంటావు. నీ బుర్ర సంగతి తెలిసిందిగా ఇప్పుడు."

"పదిహేడున నేను అక్కడ లేనని రాసిస్తే, ఆ ఫారం చెల్లదు."

"ఊఁ."

"ఫారం చెల్లకపోతే సర్వే చెల్లదు. సర్వే లేనిదే ఫైలు కమిటీకి పోదు."

"ఊఁ."

"నేను పోతాను."

"పోతావు."

"కాస్త మెల్లగా అనొచ్చుగా!"

"మెల్లగా అంటే తక్కువ పోతావా? జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. అంతకుముందు రాసినవన్నీ బయటికి తీస్తారు. తొమ్మిది రిపోర్టులు. అవి శుభ్రంగా ఉన్నాయా?"

"ఉన్నాయి. అన్నీ... ఉన్నాయి. తేదీలన్నీ నిజం. ఇదొక్కటే అక్కా. పద్నాలుగేళ్ళలో ఇదొక్కటే."

"గుట్టకి ఒక్కటి చాలింది."

"గార్డు ఏమవుతాడు? రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టాడని బయటపడితే ముసలాణ్ణి ఇంటికి మర్యాదగా పంపుతారా? వద్దు. అతని కోసమైనా రాయకూడదు. అతనికి భార్య..."

"అతని వెనక దాక్కోకు."

"దాక్కోవడమేంటి, నిజంగానే..."

"ఫోన్ చెయ్యి. అడుగు. నీ కోసం రాయకుండా ఉండనా బాబాయ్ అని అడుగు. చెయ్యి, నేను వింటా."

"బూతులు తిడతాడు."

"తిట్టనీ. తిట్టేవాడికి ఉన్న రోషం నీకుంటే చాలు. పై మడుగులో ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశానన్నాడే, అతనికెంత జీతం? అతనికి కప్ప శాస్త్రం తెలుసా? నువ్వు చదువుకున్నావు, నీ పేరు వెనక నాలుగు అక్షరాలున్నాయి, ఆ కప్ప కాలి వేళ్ళ మధ్య పొర ఎంత పొడవో నీకు తెలుసు. అది చస్తుంటే మాత్రం నీకు జాబితా గుర్తొస్తోంది!"

"కాగితం ఇవ్వు."

"ఏంటి?"

"కాగితం ఇవ్వక్కా. తెల్లది. ఇంకొక్క మాటన్నావంటే ఆ పేపర్‌వెయిట్ పెట్టి కిటికీ పగలగొడతా."

"అది గాజుది. అదే పగులుతుంది. ఇదిగో కాగితం."

"పెన్ను."

"నీ జేబులోనే ఉంది."

"నల్లది. సిరా ఆగిపోయే రకం. చూశావా, ఇంకా పారెయ్యలేదు."

"ఆగితే అరచేతి మీద గీకు. ఈసారి మూసెయ్యకు."

"'అయ్యా. సున్నపురాయి గుట్ట సర్వేలో వానాకాలం ఫారం మీద నేను వేసిన పదిహేడో తారీకు అబద్ధం. ఆ రోజు నేను వాగు దగ్గర లేను. నేను వాగు చూసింది ఇరవై ఎనిమిదిన. అప్పటికి గడువు దాటింది. కప్పలు మట్టిలోకి వెళ్ళిపోయాయి.'"

"రాయి."

"'పదిహేడున అవి వాగులో ఉన్నాయని గార్డు నాకు ఫోన్లో వినిపించాడు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తే నేను అక్కడ లేనని తెలిసిపోతుందని రాయలేదు. గార్డు చేత ఖాళీ ఫారం మీద సంతకం చేయించింది నేను. ఆ తప్పు నాదే, అతనిది కాదు. ఈ సర్వేని రద్దు చెయ్యమని...' మనవి అనాలా, కోరుతున్నా అనాలా?"

"ఏదైనా ఒకటే. వెళ్ళకపోవడానికి కారణం రాయలేదే?"

"'స్వంత పనుల వల్ల వెళ్ళలేకపోయాను.'"

"ఏ స్వంత పని?"

"అది చాలులే."

"ఆసుపత్రి అని రాయి."

"రాయను. ఏ ఆసుపత్రి, ఎవరికి బాగాలేదు, ఆ మనిషి ఏ ఆఫీసులో పని చేస్తుంది, ఇంత తీగ లాగుతారు. నీ మెడకెందుకు చుట్టడం? నీ మెడకి ఒక గీత చాలు."

"రాయమంటే రాయి."

"రాయనంటున్నానా! నీకు ఇందులో ఏ సంబంధమూ లేదు. వారం కిందటో ఎప్పుడో పాత ఫారాలు సర్దుతుంటే తేదీ చూసి అనుమానపడి ఉంటావు, ఇవాళ నన్ను నిలదీశావు, అంతే. అంతేగా?"

"సంతకం పెట్టు."

"పెట్టాను. ఇవాళ్టి తేదీ కూడా వేశాను. సరైన తేదీ. కేలెండరు చూసి మరీ. ఇదిగో, తీసుకుని ముద్ర వెయ్యి. నాలుగూ నలభై."

"వేస్తాను. మొదట ఆ ఫారం ఇలా తిప్పు. పాతది."

"ఎందుకు?"

"కింద మూల ఏముందో చదువు. నోట్ కోసం అంత వెతికావు, అది చూడలేదు."

"'సరిచూడబడింది.' మీ సెక్షన్ ముద్ర. ఇది అన్ని ఫారాల మీదా ఉంటుంది."

"ముద్ర మీద పొట్టి సంతకం ఎవరిది?"

"నీది... నీదేనా? అప్పటికి నువ్వు సెలవులో ఉన్నావు కదా?"

"ఆపరేషనయ్యాక డ్యూటీలో చేరిన మొదటి రోజు. మెడకి ఇంకా కట్టు ఉంది. బల్ల మీదికి వచ్చిన మొదటి కాగితం అదే."

"మందుల మత్తులో ఉండుంటావు. తేదీ చూసుకుని ఉండవు. పోనీలే, నీ తప్పేముంది? గార్డు ఫోన్ చేసినప్పుడు కూడా నువ్వు నిద్రలో ఉన్నావు, నీకేం తెలుసు? కళ్ళు మూసుకుని పడుకున్నావు. నిద్ర చెడుతుందని ఫోన్ చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగా. అక్కా? ఏంటలా చూస్తున్నావు? ఆ పెన్ను ఎందుకు తీసుకున్నావు?"

"నేను నిద్రపోలేదురా. నీ చెవి దగ్గర్నించి ఆ చిటికెలన్నీ విన్నాను, విన్నాకే ఆ సున్నా మీద ముద్ర వేశాను. కుర్చీ కాస్త జరుపు, నీ సంతకం కింద నాకింకా చోటుంది."